ఎముక చెప్పే వంశం – కర్మ చెప్పే విలువ

పెళ్లి సంబంధాల దగ్గర మన ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది. అబ్బాయి చదువు, ఉద్యోగం, నమాజు, నడవడిక అన్నీ అడిగి తెలుసుకున్నాక, చివర్లో ఇంటి పెద్దావిడ గొంతు తగ్గించి అడుగుతుంది: "అంతా బాగానే ఉంది గానీ, హడ్డీ ఎలాంటిది?" హడ్డీ అంటే ఎముక. ఆమె అడుగుతున్నది మాత్రం వంశం గురించి.

కొన్నేళ్ల క్రితం నేను ఎరిగిన ఒక కుటుంబంలో ఇలాగే జరిగింది. అమ్మాయి దివ్యఖుర్ఆన్ నేర్చుకున్న పిల్ల, డిగ్రీ చదివింది. ఇరువైపులా మాటలు పూర్తయ్యాయి. ఇంతలో అమ్మాయి నానమ్మ దూదేకుల ఇంటి ఆడపడుచు అని అబ్బాయి వైపు వారికి తెలిసింది. "మాది అరబ్బుల నుంచి వచ్చిన ఖాందాన్" అంటూ వారు సంబంధం వదులుకున్నారు. ఆ రోజు ఇషా నమాజు తర్వాత అమ్మాయి తండ్రి మసీదు మెట్ల మీద కూర్చుని నన్ను అడిగాడు: "భాయ్, మా అమ్మ ప్రాణం పోయే రోజు కూడా ఫజ్ర్ నమాజు వదల్లేదు. ఆవిడ ఎముకలో ఏం తక్కువైందంటారు?"

ఆయనకు అప్పుడు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఇటీవలి సంవత్సరాల్లో విశ్వవిద్యాలయాల్లో జరిగిన ఒక పరిశోధన గురించి చదివినప్పుడు అది మళ్లీ గుర్తుకొచ్చింది. ఎందుకంటే ఆ పరిశోధకులు నిజంగానే ఎముకను తెరిచి వంశాన్ని చదివారు. అదీ ముస్లింల ఎముకలను!

ఎముకలో దాగిన పుస్తకం

మనిషి శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ డి.ఎన్.ఎ. అనే పదార్థం ఉంటుంది. తల్లి నుంచి కొంత, తండ్రి నుంచి కొంత మనకు సంక్రమిస్తుంది. మనిషి మరణించి వందల ఏళ్లు గడిచినా పంటిలోనూ, చెవి లోపలి భాగాన్ని కాపాడే గట్టి ఎముకలోనూ దాని ముక్కలు కొన్ని మిగిలి ఉండే అవకాశం ఉంది. శాస్త్రవేత్తలు ఆ ఎముక నుంచి చిటికెడు పొడి తీసి, తమ సొంత డి.ఎన్.ఎ. అందులో కలవకుండా ఎంతో జాగ్రత్తపడి, ఆ ముక్కల్ని చదువుతారు. ఈ విద్యకు బాటలు వేసిన స్వాంటే పాబో అనే శాస్త్రవేత్తకు 2022లో నోబెల్ బహుమతి లభించింది.

ఇందులో రెండు విషయాలు మనం గుర్తుంచుకోవాలి. డి.ఎన్.ఎ.లో ఒక భాగం కేవలం తల్లి నుంచే వస్తుంది. తల్లికి ఆమె తల్లి నుంచి, ఆమెకు ఆమె తల్లి నుంచి – ఇలా స్త్రీల వరుసలోనే నడుస్తుంది. మరో భాగం తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే వస్తుంది. అందువల్ల ఒకే ఎముక నుంచి తల్లి వైపు మూలమేదో, తండ్రి వైపు మూలమేదో వేర్వేరుగా తెలుసుకోవచ్చు. కాగితం మీద రాసుకున్న వంశవృక్షంలో తండ్రుల పేర్లే ఉంటాయి. ఎముకలో మాత్రం తల్లుల సాక్ష్యం కూడా భద్రంగా ఉంటుంది.

సవాహిలీ తీరంలో

ఆఫ్రికా ఖండం తూర్పు తీరంలో, నేటి కెన్యా, టాంజానియా దేశాల సముద్రతీరం వెంబడి సవాహిలీ అనే ముస్లిం జనసమాజం నివసిస్తోంది. మధ్యయుగంలో వారు పగడపు రాయితో మసీదులు, మేడలు కట్టుకున్నారు. హిందూ మహాసముద్రం మీదుగా అరేబియా, పర్షియా, భారతదేశాలతో వ్యాపారం చేశారు. వారి భాష ఆఫ్రికాకు చెందిన బంటూ కుటుంబానిది. అయితే అందులో అరబీ పదాలు ఎన్నో కలిశాయి.

సుప్రసిద్ధ యాత్రికుడు ఇబ్నె బతూతా 1331లో ఈ తీరానికి వచ్చి మొంబాసా, కిల్వా పట్టణాలను చూశాడు. అక్కడి ప్రజల ధర్మనిష్ఠను మెచ్చుకున్నాడు. కిల్వా సుల్తాన్ ఎంతటి దాత అంటే, జుమా నమాజు నుంచి తిరిగి వస్తుండగా యెమన్‌కు చెందిన ఒక ఫకీరు ఎదురొచ్చి ఆయన ఒంటి మీది దుస్తులు అడిగితే, అప్పటికప్పుడు వాటిని విడిచి ఇచ్చేశాడట. ఆ సుల్తాన్ గురించి ఇబ్నె బతూతా ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుని చెప్పింది ఈ దానగుణాన్నే.

మరి ఈ సవాహిలీలు ఎవరు? ఈ ప్రశ్న మీద చాలాకాలం వివాదం నడిచింది. పర్షియాలోని షీరాజ్ నుంచి ఒక తండ్రి, ఆయన ఆరుగురు కొడుకులు ఏడు ఓడల్లో వచ్చారనీ, వారిలో ఒకరు కిల్వాలో స్థిరపడి రాజ్యం స్థాపించారనీ ఆ ప్రాంతపు పాత చరిత్ర చెబుతోంది. అక్కడి ప్రముఖ కుటుంబాలు కొన్ని తమను షీరాజీలమని గర్వంగా చెప్పుకునేవి. యూరప్ వారి వలసపాలన కాలంలో కొందరు పండితులు దీన్ని మరోవైపు లాగారు. ఇంత చక్కని రాతి పట్టణాలు కట్టడం నల్లజాతివారి వల్ల ఎక్కడవుతుంది, ఇదంతా బయటివారి పనే అని వాదించారు. దానికి జవాబుగా తర్వాతి తరం చరిత్రకారుల్లో కొందరు షీరాజీ కథ ఒట్టి కల్పన అన్నారు. గొప్ప చెప్పుకోవడానికి ఎవరో అల్లిందని తేల్చేశారు.

ఈ నేపథ్యంలో 2023 మార్చిలో 'నేచర్' అనే శాస్త్ర పత్రికలో ఒక పరిశోధన ప్రచురితమైంది. సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన కెన్యా సంతతి పురావస్తు శాస్త్రవేత్త చపురుఖా కుసింబా, హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ రైక్, ఎస్తర్ బ్రియెల్, మరెందరో కలిసి చేసిన పని అది. మ్త్వాపా, మండా, కిల్వా వంటి తీరప్రాంత పట్టణాల్లోనూ, లోపలి ప్రాంతంలోని ఒక ఊరిలోనూ సుమారు 1250 – 1800 మధ్యకాలంలో జీవించిన 80 మంది డి.ఎన్.ఎ.ను వారు చదివారు.

సమాధిని తెరవవచ్చా?

ఇక్కడ పాఠకుల మనసులో ఒక ప్రశ్న తలెత్తడం సహజం. ముస్లింల సమాధులను తవ్వడం ఏమిటి? మృతుని ఎముక విరచడం, బతికున్న మనిషి ఎముక విరచడం లాంటిదేనని దైవప్రవక్త (స) మనకు బోధించారు. గట్టి అవసరం లేనిదే సమాధిని తెరవరాదని ధర్మశాస్త్ర పండితులు చెప్పారు. మరణంతో మనిషి గౌరవం అంతరించదు.

ఈ విషయంలో ఆ పరిశోధకులు నడిచిన తీరు గమనించదగ్గది. కుసింబా ఆ తీరంలో దాదాపు నాలుగు దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. అక్కడి సవాహిలీ పెద్దలతో ముందుగా మాట్లాడి, వారి అంగీకారం తీసుకున్నారు. పరీక్షకు కావలసిన కొద్దిపాటి భాగం తీసుకుని, అస్థికలను తిరిగి ఖననం చేశారు. ఫలితాలు వచ్చాక వాటిని ఆ ప్రజల ముందు పెట్టారు. ప్రపంచంలో ఎన్నోచోట్ల సమాధుల్లోని అస్థికలను ఎత్తుకుపోయి మ్యూజియంల పెట్టెల్లో దాచిన చరిత్ర ఉంది. దానితో పోలిస్తే ఇది ఎంతో మేలైన పద్ధతి. అయినా, ఇలాంటి పని ధర్మసమ్మతమా కాదా అన్నది ప్రతి సందర్భంలోనూ పండితులను అడిగి తెలుసుకోవలసిన విషయమే. జ్ఞానం పేరుతో మృతులను అగౌరవపరిచే హక్కు ఎవరికీ లేదు.

రెండు గర్వాలూ ఓడిపోయాయి

ఇంతకీ ఎముకలు ఏం చెప్పాయి? ఆ తీర పట్టణాల్లోని చాలామందిలో సగానికి పైగా వంశభాగం ఆఫ్రికాదే. అది ప్రధానంగా స్త్రీల వైపు నుంచి వచ్చింది. మిగిలినదానిలో పెద్ద భాగం ఆసియా నుంచి వచ్చింది. ఆ ఆసియా భాగంలో 80 నుంచి 90 శాతం పర్షియా పురుషుల నుంచి వచ్చినది, తక్కిన దానిలో మన భారతదేశపు మూలాలు కూడా ఉన్నాయి. ఈ కలయిక సుమారు క్రీ.శ. 1000 నాటికే మొదలైంది. ఆ తీరంలో ఇస్లాం విస్తృతంగా వ్యాపించిన కాలం కూడా అదే. క్రీ.శ. 1500 తర్వాత అరేబియా నుంచి వచ్చిన వారి వంశభాగం పెరుగుతూ పోయింది.

సోదరులారా, ఈ ఫలితాన్ని కాస్త నిదానంగా ఆలోచించండి. షీరాజీ కథ ఒట్టి కల్పన అన్నవారి మాట తప్పని తేలింది. పర్షియా నుంచి మనుషులు వచ్చిన మాట నిజమే. అలాగే, ఇదంతా బయటివారి సృష్టి, ఆఫ్రికావారికి ఇందులో భాగం లేదన్నవారి మాటా తప్పని తేలింది. ఆ మేడల్లో పుట్టి, ఆ మసీదుల పక్కన ఖననమైన బిడ్డల తల్లులు ఆఫ్రికా స్త్రీలు. వచ్చిన వ్యాపారులు స్థానిక కుటుంబాలతో వియ్యమందారు, వారి బిడ్డలు తల్లి భాషనే తమ భాషగా చేసుకున్నారు అని పరిశోధకులు వివరిస్తున్నారు. "మేం పూర్తిగా పర్షియన్లం" అన్న గర్వమూ నిలవలేదు. "మీవల్ల ఏమవుతుంది?" అన్న తిరస్కారమూ నిలవలేదు.

ఇంకో సంగతి. నేడు తమను సవాహిలీలుగా చెప్పుకుంటున్న ప్రజల్లో ఆ మధ్యయుగ ప్రముఖుల వంశభాగం అందరిలో ఒకేలా లేదు. కొందరిలో చాలా తక్కువ. అయినా వారు ఆ భాష మాట్లాడుతున్నారు, ఆ మసీదుల్లో నమాజు చేస్తున్నారు, ఆ వారసత్వాన్ని మోస్తున్నారు. అంటే ఒక సమాజాన్ని సమాజంగా నిలబెట్టేది రక్తం ఒక్కటే కాదన్నమాట.

పైగా ఈ పరిశోధనకు కూడా ఒక హద్దు ఉంది. పరీక్షించిన వారిలో ఎక్కువమంది మసీదుల దగ్గర, ప్రముఖ స్థానాల్లో ఖననమైన పెద్దింటివారు. పడవలు నడిపినవారు, పగడపు రాయి మోసినవారు, బానిసలు – వారి కథ ఈ ఎముకల్లో ఎక్కువగా లేదు. లోకం తన లెక్కల్లో పేదలను మరచిపోవడం కొత్త కాదు. అల్లాహ్ లెక్కలో మాత్రం ఎవరూ తప్పిపోరు.

వంశవృక్షం మరచిన తల్లులు

మనలో చాలామంది వంశాన్ని లెక్కించే పద్ధతి చూడండి. తండ్రి, తాత, ముత్తాత – ఒకే గీత. నిజానికి మనిషికి తల్లిదండ్రులు ఇద్దరు. తాతలు, అమ్మమ్మ, నానమ్మ కలిపి నలుగురు. ఆపై తరంలో ఎనిమిది మంది. ఇలా పది తరాలు వెనక్కి వెళితే, లెక్క ప్రకారం 1,024 స్థానాలు ఉంటాయి. ఇరవై తరాలకు అవి పది లక్షలు దాటుతాయి. బంధువుల మధ్య వివాహాల వల్ల ఒకే మనిషి పలు స్థానాల్లో రావచ్చు, అది వేరే విషయం. పది తరాల క్రితం ఒక పూర్వీకుడు అరేబియా నుంచి వచ్చాడనే అనుకుందాం. ఆయన ఆ 1,024 స్థానాల్లో ఒకరు. ఆ ఒక్కరి పేరు తలచుకుని ఛాతీ విరుచుకుంటున్నాం. తక్కిన 1,023 స్థానాల సంగతేమిటి? మనల్ని మోసి, కని, పాలిచ్చి పెంచిన తల్లుల వరుస సంగతేమిటి?

ఇస్లాం చరిత్ర ఆ తల్లులను మరచిపోలేదు. హజ్రత్ ఇస్మాయీల్ (అలై) మాతృమూర్తి హజ్రత్ హాజిరా ఈజిప్టు నుంచి వచ్చిన దాసి. ఆమె దాహంతో ఉన్న పసివాడి కోసం సఫా, మర్వా కొండల మధ్య పరుగెత్తింది. నేడు ఎంతటి గొప్ప వంశీకుడైనా, ఎంతటి చక్రవర్తి అయినా, హజ్‌కు వెళితే ఆ దాసి అడుగుజాడల్లోనే నడవాలి. దైవప్రవక్త (స)ను పసితనం నుంచీ ఎత్తి పెంచిన ఉమ్మె ఐమన్ (రజి) హబ్షీ స్త్రీ. ఆమెను ఆయన తల్లిలా గౌరవించారు.

ఒకసారి హజ్రత్ అబూజర్ (రజి) కోపంలో ఒక వ్యక్తిని అతని తల్లి జాతి పేరెత్తి కించపరిచారు. అది విన్న దైవప్రవక్త (స) ఆయన్ని గట్టిగా మందలించారు. నీలో ఇంకా అజ్ఞానకాలపు లక్షణం మిగిలి ఉందని హెచ్చరించారు. గమనించండి, అబూజర్ (రజి) మామూలు మనిషి కాదు. తొలినాళ్లలోనే ఇస్లాం స్వీకరించిన మహనీయుడు. అంతటివారిలో కూడా వంశ గర్వపు ముల్లు ఒకటి మిగిలిపోగలదంటే, మన సంగతి ఏమిటి?

మన ఇంటి ముచ్చట

ఇదంతా ఎక్కడో ఆఫ్రికాలోని విషయం అనుకోకండి. ఆ తీరానికీ మనకూ బంధుత్వం ఉంది. హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ పక్కనున్న ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. అక్కడ స్థిరపడిన సిద్దీ కుటుంబాలు నమాజు వరుసల్లో మన పక్కనే నిలబడినవారు. గుజరాత్, కర్ణాటకల్లోని సిద్దీలపై హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు జరిపిన అధ్యయనం 2011లో వెలువడింది. వారి మూలాలు ఆఫ్రికాలోని బంటూ ప్రజల్లో ఉన్నాయని, వారిలో భారతీయ వంశభాగం కూడా కలిసిందని అది తెలిపింది.

ఇక మన సంగతి. మన దేశంలోని పలు ముస్లిం వర్గాలపై సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న ఒక అధ్యయనం 2010లో ప్రచురితమైంది. వారిలో అత్యధికులు వంశపరంగా తమ పొరుగున ఉన్న ముస్లిమేతర ప్రజలకే దగ్గరివారు. పశ్చిమాసియా, ఆఫ్రికాల నుంచి వచ్చిన భాగం ఉంది గానీ, అది స్వల్పం. అంటే మనలో చాలామంది పూర్వీకులు ఈ మట్టిలోనే పుట్టి, ఈ గడ్డ మీదే సత్యాన్ని స్వీకరించినవారు. ఇందులో సిగ్గుపడవలసింది ఏముంది? ప్రవక్త సహచరులలో అత్యధికుల తల్లిదండ్రులు కూడా విగ్రహారాధకులే కదా! విశ్వాసాన్ని వారసత్వంగా పొందినవాడి కంటే, సత్యాన్ని వెతికి కష్టనష్టాలకోర్చి స్వీకరించినవాడు ఏ రకంగా తక్కువ?

వంశానికి ఇస్లాం ఇచ్చిన చోటు

అలాగని ఇస్లాం వంశాన్ని పట్టించుకోవద్దని చెప్పలేదు. పెంచుకున్న పిల్లలను కూడా వారి అసలు తండ్రుల పేరుతోనే పిలవాలని ఆదేశించింది. వారసత్వ హక్కులు వంశాన్ని బట్టే నడుస్తాయి. బంధుత్వాలను నిలుపుకోవడానికి వంశాలను తెలుసుకోమని దైవప్రవక్త (స) ప్రోత్సహించారు. అంటే వంశజ్ఞానం ఉన్నది చేయి చాచడానికే గానీ, చేయి విదిలించడానికి కాదు.

సూరె హుజురాత్‌లో అల్లాహ్ మానవులందరినీ ఉద్దేశించి, మీ అందరినీ ఒకే స్త్రీపురుషుల నుంచి పుట్టించామనీ, జాతులుగా, తెగలుగా చేసింది మీరు ఒకరినొకరు గుర్తుపట్టడానికేననీ, తన దగ్గర గౌరవనీయుడు భయభక్తులు కలవాడేననీ స్పష్టం చేశాడు. అరబ్బుకు అరబ్బేతరునిపై గానీ, తెల్లవానికి నల్లవానిపై గానీ ఆధిక్యత లేదని, ఉంటే అది దైవభీతి వల్లనే ఉంటుందని ప్రవక్త (స) ప్రకటించారు.

"పెళ్లిలో సరిజోడు చూడమన్నారు కదా, వంశమూ అందులో భాగమే కదా?" అని కొందరు అడుగుతారు. నిజమే, కొందరు ధర్మశాస్త్ర పండితులు వంశాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) వంటివారు ధర్మనిష్ఠకే ప్రాధాన్యమిచ్చారు. అయితే వంశాన్ని లెక్కించిన పండితులు కూడా ఆలోచించింది దంపతుల మధ్య పొసగడం గురించే. ఒక విశ్వాసిని హీనంగా చూడటానికి వారిలో ఎవరూ అనుమతి ఇవ్వలేదు. పొసగదనుకుంటే మర్యాదగా తప్పుకోవడం వేరు, ఎముక తక్కువదని మనసు విరిచేయడం వేరు.

సృష్టిలో మొట్టమొదట "నా మూలం గొప్పది" అన్నది ఎవరో ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఇబ్లీసు! తాను అగ్ని నుంచి పుట్టానని, ఆదం (అలై) మట్టి నుంచి పుట్టారని చూపించి సాష్టాంగానికి నిరాకరించాడు. తన మూలం గురించి వాడు చెప్పింది అబద్ధం కాదు. దాని నుంచి తీసిన ముగింపే తప్పు. డి.ఎన్.ఎ. పరీక్షలు చేయించుకుని మురిసిపోతున్న ఈ కాలానికి ఇది పెద్ద పాఠం. మూలం గురించిన సమాచారం నూటికి నూరుపాళ్లు నిజమే కావచ్చు. అందులోంచి ఆధిక్యతను తోడుకోవడమే ఇబ్లీసు బాట.

ప్రయోగశాల తన పని తాను చేసింది. ఎవరు ఎవరికి పుట్టారో చెప్పింది. ఆ తల్లి తహజ్జుద్‌లో ఎంత ఏడ్చిందో, ఆ తండ్రి తూకంలో ఎంత నిజాయితీ పాటించాడో ఏ ఎముకలోనూ రాసి ఉండదు. అది కర్మల చిట్టాలో రాసి ఉంటుంది. బాకా ఊదబడిన రోజున శిథిలమైన ఎముకలన్నీ తిరిగి లేస్తాయి. ఆనాడు వంశ సంబంధాలు ఏవీ అక్కరకు రావని దివ్యఖుర్ఆన్ మనల్ని ముందే హెచ్చరించింది.

ఆ రాత్రి మసీదు మెట్ల మీద నన్ను అడిగిన తండ్రికి ఇప్పుడు నా దగ్గర సమాధానం ఉంది. భాయ్, మీ అమ్మ ఎముకలో ఏమీ తక్కువ కాలేదు. తక్కువైంది మా చూపులో. ఈసారి మన ఇంట్లో ఎవరైనా గొంతు తగ్గించి "హడ్డీ ఎలాంటిది?" అని అడిగితే, మనం గొంతు పెంచి అడుగుదాం: "ఫజ్ర్ నమాజు ఎలాంటిది? అమానతు విషయంలో మనిషి ఎలాంటివాడు? పేదవాడితో మాట ఎలాంటిది?"

అల్లాహ్ మన హృదయాల నుంచి వంశ గర్వాన్ని తొలగించి, మనం మరచిన తల్లులందరినీ కరుణించుగాక! ఆమీన్.